యుద్ధవిమాన చరిత్ర అంటే వేగాల పట్టికయేనా?

సూళ్లూరుపేట విద్యార్థులకు రాకెట్టు కొత్త వస్తువు కాదు. పులికాట్ సరస్సుకు ఆవల శ్రీహరికోట నుండి లేచే మంటను చూస్తూ పెరిగినవారే. వీరికి కూడా విమానాల చరిత్ర తరచు అందేది ఒక పట్టిక రూపంలోనే. అమెరికా యుద్ధవిమానాల పేర్లు ఒక వరుస, వాటి వేగాలు మరొక వరుస. ప్రశ్నోత్తర పోటీలకు ఈ పట్టిక చాలును. విజ్ఞానశాస్త్రానికి ఎంత మాత్రం చాలదు. ఎందుకు చాలదో పరిశీలిద్దాము.

1944లో తొలిసారి ఎగిరిన పి-80 ధ్వనివేగాన్ని అందుకోలేదు. 1953లో ఎగిరిన ఎఫ్-100 సమతలంగా పోతూనే ధ్వనివేగాన్ని మించినది. 1954లో ఎగిరిన ఎఫ్-104 ధ్వనివేగానికి రెండింతల వేగం కోసం నిర్మించినది. ఈ లెక్కన నేటి విమానాలు ఎక్కడికో పోయి ఉండవలెను కదా! కాని 2006లో తొలిసారి ఎగిరిన ఎఫ్-35 గరిష్ఠవేగం ధ్వనివేగానికి 1.6 రెట్లు మాత్రమే. "అయితే అమెరికావారు వెనుకబడ్డారా?" అని విద్యార్థి అడిగితే పట్టిక నోరు మెదపదు.

పట్టికలోని మొదటి లోపం, వేగానికి అడ్డు వచ్చినది ఏదో చెప్పకపోవడం. 1953లో వైఎఫ్-102 అనే నమూనా విమానం ధ్వనివేగాన్ని దాటలేకపోయినది. రిచర్డ్ విట్‌కాంబ్ అనే శాస్త్రజ్ఞుడు దీనికి కారణం వివరించాడు. రెక్కలు మొదలయ్యే చోట విమానం మొత్తం అడ్డుకోత వైశాల్యం ఒక్కసారిగా పెరుగుతుంది. ధ్వనివేగం దగ్గర గాలి నిరోధం విపరీతం కావడానికి అది ముఖ్యకారణం. కావున రెక్కలున్న చోట విమానానికి నడుము సన్నం చేశారు. ఇట్లు మార్చిన విమానం 1954 డిసెంబరులో ధ్వనివేగాన్ని దాటినది. పట్టికలో ఇది ఒక అంకె. పాఠంలో ఇది ఒక ఆలోచన.

రెండవ లోపం, వేగానికి చెల్లించే మూల్యం చెప్పకపోవడం. ఉన్నత పాఠశాల విద్యార్థి కూడా ఈ లెక్క చేయగలడు. ధ్వనివేగానికి ఎన్ని రెట్లో ఆ సంఖ్యను వర్గం చేసి, 0.2తో గుణించి, 1 కలపండి. దానిని బయటి గాలి ఉష్ణోగ్రతతో, కెల్విన్‌లలో, గుణించండి. విమానం ముక్కు వద్ద ఆగిన గాలి ఎంత వేడెక్కుతుందో సుమారుగా తెలుస్తుంది. 11 కిలోమీటర్ల ఎత్తున గాలి దాదాపు 217 కెల్విన్‌లు. 1.6 రెట్ల వేగానికి 55 డిగ్రీల సెల్సియస్, రెండు రెట్లకు 117, మూడు రెట్లకు 334 డిగ్రీలు వచ్చును. ఆ చివరి వేడికి అల్యూమినియం బలం చాలదు. అందుకే మూడు రెట్లకు మించి ఎగిరిన ఎస్ఆర్-71 నిఘా విమానాన్ని ప్రధానంగా టైటానియంతో కట్టారు.

మూడవది, వేగమే విజయమన్న భ్రమ. 1965 సెప్టెంబరు 7న సర్గోధా వద్ద స్క్వాడ్రన్ లీడర్ ఎ. బి. దేవయ్య తన మిస్టేర్ విమానంతో పాకిస్తాన్ వారి ఎఫ్-104ను కూల్చాడు. మిస్టేర్ వేగం దాని వేగంలో సగం మాత్రమే. దేవయ్య తిరిగి రాలేదు. మరణానంతరం ఆయనకు మహావీరచక్ర 1988లో లభించినది. ఈ యంత్రాల వెనుక ప్రాణాలు ఉన్నవన్న సంగతిని కూడా పట్టిక దాచును.

అన్నిటికంటే పెద్ద నష్టం మన ముంగిట్లోనే ఉన్నది. అమెరికా పరిశోధన విమానం ఎక్స్-15, 1967లో ధ్వనివేగానికి 6.7 రెట్లు పోయినది. 2016 మే 23న శ్రీహరికోట నుండి లేచిన రెక్కల వాహనం ఆర్ఎల్‌వి-టిడి సుమారు 65 కిలోమీటర్ల ఎత్తు చేరి, 5 రెట్ల వేగంతో దట్టమైన వాయుమండలంలోకి దిగినది. పట్టికను నమ్మిన సూళ్లూరుపేట బాలుడు ఏమనుకొనును? మన వాహనం యాభై ఏండ్లు ఆలస్యమని, అయినా ఓడిపోయినదని! కాని రెండింటి ప్రశ్నలు వేరు. ఎక్స్-15ను పెద్ద విమానం ఆకాశంలోకి మోసి వదిలేది, లోపల చోదకుడు ఉండేవాడు. మన వాహనం నేల నుండి రాకెట్టుపై నిటారుగా లేచినది. చోదకుడు లేకుండా తన దారి తానే చూచుకొని, వేడి కాచే పలకలు తొడిగి, బంగాళాఖాతంపై దిగినది. దానికి ఆయుధాలతో పని లేదు, మరల మరల వాడగల అంతరిక్ష వాహనం దాని లక్ష్యం. అట్లని ఇది లోకంలో మొదటిదనడమూ తప్పే. అమెరికా స్పేస్ షటిల్ 1981లోనే కక్ష్యకు పోయి వచ్చినది. చిన్నబుచ్చుకోవడం, విర్రవీగడం రెండూ పట్టిక నేర్పే జబ్బులే.

ఉపాధ్యాయులు పట్టికను చింపివేయనక్కరలేదు. వేగం పక్కన మరి రెండు గడులు గీయించండి: అడ్డు వచ్చినది ఏది? దాటడానికి చెల్లించినది ఏమి? ఆ గడులు నింపుటకు విద్యార్థి భౌతికశాస్త్రం తెరవక తప్పదు.