ఆదివారం ఎవరికిస్తావు?

రాయచోటిలో పరదేశమంటే చాలాకాలం కువైటే. ఇప్పుడు మా పిల్లలు పైచదువులకు లండన్ విమానం కూడా ఎక్కుతున్నారు, చాలామంది అప్పు చేసి. విద్యార్థి వీసా మీద, క్లాసులు జరిగే రోజుల్లో అక్కడ వారానికి 20 గంటలకు మించి పని చేయనివ్వరు. పని, చదువు, వంట పోను మిగిలే ఆదివారం గురించే ఈ వారం నా మాట. నేనక్కడ చదివిన రోజుల్లో ఆ పూటను బొమ్మలకూ సినిమాకూ ఇచ్చాను. పట్టా నాకు ఉద్యోగమిచ్చింది, చూడటం మాత్రం ఆదివారాలే నేర్పాయి.

బ్రిటిష్ మ్యూజియంలో ప్రవేశం ఉచితం. అక్కడ మన అమరావతి రాళ్లున్నాయి. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన ఆ పల్నాటి సున్నపురాళ్లు 1859లో లండన్ చేరాయి. వాటిలో ఒక ఫలకానికి రెండు వైపులా చెక్కడం ఉంది. ఒకవైపు క్రీస్తుపూర్వపు పని: బోధివృక్షం, ఖాళీ ఆసనం, మొక్కుతున్న మనుషులు. అక్కడ ఉలి లోతుకు దిగలేదు. కొన్ని వందల ఏళ్ల తర్వాత అదే రాయిని తిప్పి, వెనకవైపు సింహాలతో సహా నిండు స్తూపాన్ని చెక్కారు. ఇక్కడ ఖాళీ జాగా వెతికినా దొరకదు. ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు తిరిగి చూస్తుంటే మధ్యాహ్నం గడిచిపోయేది. మిగతా గదులు చూడలేదన్న బాధ నాకెన్నడూ లేదు.

ఆ ఓపిక నాకు లేపాక్షి పెట్టిన భిక్ష. మా ఊరి వీరభద్రుడే అక్కడి దేవుడు కూడా. మంటపం కప్పు మీద విజయనగర కాలపు బొమ్మలు, ఆ చీరల అంచులు చూడాలంటే మెడ నొప్పి పుట్టేదాకా తలెత్తాల్సిందే.

మ్యూజియానికి దగ్గర్లోనే స్లేడ్ ఆర్ట్ స్కూలుంది. చిత్తూరు జిల్లా నందనూరులో 1925లో పుట్టి, మదనపల్లె దగ్గరి రిషివ్యాలీలో, ఆపైన శాంతినికేతన్‌లో చదివిన చిత్రకారుడు కృష్ణారెడ్డి 1951లో అక్కడ చేరారు. తర్వాత పారిస్‌లో, చిక్కదనంలో తేడా ఉన్న రంగులను మెత్తని, గట్టి రోలర్లతో ఒకే రేకు మీద పూసి, ఒక్క అచ్చులో దించే పద్ధతిని రూపొందించినవారిలో ఆయనొకరు. ఆ స్కూలున్న వీధిలో నడిచినప్పుడల్లా మా కరువు సీమ మనిషి ఇక్కడ తిరిగాడని నాకు గర్వంగా ఉండేది.

సాయంత్రం థేమ్స్ దాటి బీఎఫ్ఐ సినిమాహాలు. జపాన్ దర్శకుడు ఓజు తీసిన 'టోక్యో స్టోరీ' (1953) అక్కడే చూశాను. ముసలి తల్లిదండ్రులు పిల్లల్ని చూడాలని నగరానికొస్తారు, పిల్లలకు తీరిక ఉండదు. చాప మీద కూర్చున్న మనిషి కంటి ఎత్తున ఉన్న కెమెరా దాదాపు కదలదు. మధ్యాహ్నం రాతి ముందు అంతసేపు నిలబడ్డాను గనకే ఆ నిదానం నాకు విసుగు పుట్టించలేదు. పక్క సీట్లో ఎవరున్నారో కూడా పట్టించుకోకుండా ఏడ్చాను.

వెళ్లబోయే పిల్లలకు ఒక మాట. విమానమెక్కే ముందు కదిరి, హిందూపురం మీదుగా లేపాక్షి పోయి రండి. తల్లిదండ్రులకు ఇంకో మాట. ఫోన్లో “తిన్నావా, పనికి పోయినావా” అని అడుగుతారు కదా, “ఈ వారం ఏం చూసినావు నాయనా” అని కూడా అడగండి.