పసుపు ఊళ్లో తెల్ల గోళీ

“గడ్డ తీసేసిర్రు, కరెంటు గూడ పెట్టిర్రు. ఇంకెందుకు సార్ ఈ గోళీలు?” డిచ్‌పల్లిలో మందుల షాపు నడిపేవాడికి రొమ్ము క్యాన్సర్ మందు టామోక్సిఫెన్ చీటీతో పాటు ఈ ప్రశ్న కూడా వస్తుంది. అడగాల్సిన ప్రశ్నే. జ్వరం గోళీ వేసుకుంటే కాసేపటికి ఒళ్లు చల్లబడుతుంది. దీని మేలు మాత్రం ఒంటికి తెలియదు, తెలిసేవి వేడి ఆవిర్లే. అయినా రోజూ మింగాలి, కనీసం అయిదేళ్లు.

కొన్ని రొమ్ము క్యాన్సర్ కణాల్లో ఈస్ట్రోజెన్‌ను అందుకునే గ్రాహకాలుంటాయి. హార్మోన్ అక్కడ కుదురుకుంటే కణం పెరుగుతుంది. టామోక్సిఫెన్ చేసేది ఆర్టీసీ బస్సు కిటికీలోంచి దస్తీ వేసి సీటు ఆపే పని. ఈస్ట్రోజెన్ ఒంట్లో తిరుగుతూనే ఉంటుంది, కూర్చోను చోటు దొరకదు. రిపోర్టులో ‘ఈఆర్ పాజిటివ్’ అని ఉన్నవాళ్లకే ఈ మందు.

ముట్లు ఆగినవాళ్లకు ఎక్కువగా లెట్రోజోల్, అనాస్ట్రోజోల్ రాస్తారు. ఆ వయసులో ఈస్ట్రోజెన్ కొవ్వులాంటి చోట్ల తయారవుతుంది, ఇవి ఆ తయారీనే అడ్డుకుంటాయి. అందుకే కీళ్లు నొస్తాయి, ఎముకలు పలచబడతాయి. టామోక్సిఫెన్ తీరు వేరు. రొమ్ములో ఈస్ట్రోజెన్‌ను అడ్డుకునే ఈ మందే గర్భసంచిలో ఈస్ట్రోజెన్‌లా నడుచుకుంటుంది. ముట్లాగినామెకు మళ్లీ రక్తం కనిపించినా, కాలు వాచి నొప్పెట్టినా ఆలస్యం చేయొద్దని గోళీలతో పాటే చెప్పి పంపాలి.

1962లో ఇంగ్లండ్‌లోని ఐసీఐ కంపెనీలో డోరా రిచర్డ్‌సన్ దీన్ని తయారుచేసినప్పుడు కంపెనీ వెతుకుతున్నది గర్భం రాకుండా ఆపే మందు కోసం. ఆ పనికి ఇది పనికిరాలేదు. 1973 నాటికి బ్రిటన్‌లో రొమ్ము క్యాన్సర్ మందయింది. అయిదేళ్లు వాడినవాళ్లలో ఆ జబ్బుతో చావులు దాదాపు మూడో వంతు తగ్గాయి. ఏ ఒక్కామె ఒంట్లోనూ కనబడని ఆ మేలు వేలమందిని ఏళ్ల తరబడి గమనిస్తే తేలింది. “ఇంకెందుకు” అన్నదానికి నా దగ్గరున్న జవాబు ఇదే.

మన వైపు ఇంకో చిక్కుంది. పసుపు పండే నేల కదా, క్యాన్సరని తెలియగానే చుట్టాలు పసుపు గోళీల డబ్బా తెచ్చిస్తారు. టామోక్సిఫెన్ బాగా పనిచేయాలంటే కాలేయం దాన్ని ఎండోక్సిఫెన్‌గా మార్చాలి. 2019లో రాటర్‌డ్యామ్ పరిశోధకులు టామోక్సిఫెన్ వాడేవాళ్లకు పసుపులోని కర్కుమిన్ రోజుకు 3,600 మిల్లీగ్రాములు ఇచ్చి చూస్తే రక్తంలో ఎండోక్సిఫెన్ 8 శాతం దాకా తగ్గింది. మిరియాల్లోని పైపెరిన్ కలిపితే తగ్గుదల 12 శాతమైంది. పరీక్షించింది కొద్దిమందినే, పప్పులో వేసే చిటికెడు పసుపుకు ఈ లెక్క వర్తించదు. కానీ డబ్బాల్లో దొరికే గోళీల్లో చాలావాటిలో మిరియాల సారం కలుపుతారు. దిగులుకిచ్చే పారోక్సెటిన్, ఫ్లూయోక్సెటిన్‌లైతే కాలేయం చేసే ఆ పనికే అడ్డుపడతాయి.

“ఇంకేమన్న మందులు వాడుతున్నరా అమ్మా?” అంటే “ఏం లేవు సార్” అనే జవాబే వస్తుంది. పసుపును మందుల లెక్కలో ఎవరు వేస్తారు? అందుకే పేరు పెట్టి అడుగుతాను: పసుపు గోళీలా, ఆయుర్వేదం పొడా, నిద్రకేమన్నానా? ఉన్నాయంటే, చీటీ రాసిన డాక్టరును అడిగేదాకా పసుపు డబ్బా మూత తీయొద్దంటాను. దిగులు గోళీలైతే సొంతంగా ఆపకుండా ఆ చీటీ కూడా డాక్టరుకు చూపించమంటాను. తెల్ల గోళీ మాత్రం ఆ రాత్రి కూడా వేసుకోవాల్సిందే.