‘సంప్రదాయం’ అని రాసేముందు

రాక్, పాప్ సంగీత చరిత్రల్లో ఎన్ని రికార్డులు అమ్ముడుపోయాయో రాస్తారు. ఆ పాట ఎవరి గొంతులో పుట్టిందని మేము అడుగుతాం.

సొలొమన్ లిండా దక్షిణాఫ్రికా జూలూ గాయకుడు. బతుకుదెరువుకు జోహన్నెస్‌బర్గ్ వచ్చాడు. 1939లో తన ‘ఈవెనింగ్ బర్డ్స్’ బృందంతో ‘ఎంబూబే’ పాడి రికార్డు చేశాడు. ఎంబూబే అంటే సింహం. బృందం బరువైన గొంతుతో ఒకే వరుస పాడుతుంటే, లిండా సన్నని గొంతు దానిమీద ఎగురుతుంది. చివర్లో అప్పటికప్పుడు అల్లిన రాగమే తర్వాత లోకమంతా పాడింది.

రికార్డు అమెరికా చేరింది. వీవర్స్ బృందం జూలూ మాటను సరిగా వినక ‘వీమోవే’ అని పాడింది. 1961లో టోకెన్స్ బృందం ఇంగ్లిషు మాటలు చేర్చి ‘ద లయన్ స్లీప్స్ టునైట్’ చేస్తే అది అమెరికాలో మొదటి స్థానానికి చేరింది. వినడానికి హాయిగానే ఉంటుంది. కానీ లిండా గొంతులోని గర్జన పోయి జోలపాట మిగిలింది. మరుసటి ఏడే లిండా పేదరికంలో చనిపోయాడు. ఆయన కూతుళ్లు కోర్టుకెక్కాక, 2006లో గానీ రాజీ కుదరలేదు.

పాట మారకూడదని మేము అనం. మా పాటలూ గూడెం గూడేనికీ మారతాయి. అయితే కోయ, గోండు, సవర పాటలు సేకరించేవాళ్లు అట్టమీద తమ పేరు వేసుకుని, లోపల ‘సంప్రదాయ గీతం’ అని సరిపెట్టకూడదు. పాడినామె పేరు, ఊరు రాయాలి. డబ్బు వస్తే ఆమె వాటా ఆమెకు చేరాలి.