పద్నాలుగు చక్కెరల పనితనం

ఆరో వారం, పద్నాలుగో వారం, తొమ్మిదో నెల. బీదర్‌లో పుట్టిన పాపకైనా, సరిహద్దుకు ఇవతల జహీరాబాద్‌లో పుట్టిన బాబుకైనా ఈ మూడుసార్లు తొడకు పీసీవీ టీకా వేస్తారు. 2021లో ఇది దేశమంతటా సర్కారు టీకాల్లో చేరింది. ఇదే కోవకు చెందిన ‘న్యూబెవాక్స్ 14’ను హైదరాబాద్‌లోని బయలాజికల్ ఇ సంస్థ రూపొందించింది. 2022 డిసెంబరులో దానికి అనుమతి వచ్చింది. ఆ అర మిల్లీలీటరు మోతాదులోని పనితనం తీరిగ్గా చూడదగ్గది.

ఈ టీకాలు అడ్డుకునే న్యూమోకోకస్ అనే బ్యాక్టీరియా పిల్లల ముక్కు వెనక భాగంలో మకాం పెడుతుంది. తమిళనాడు పల్లెల్లో జరిగిన ఒక పరిశీలనలో రెండు నెలల పసివాళ్లలోనే సగానికి పైగా మంది ముక్కుల్లో అది కనిపించింది. చాలామందికి దానివల్ల ఏమీ కాదు. ఊపిరితిత్తుల్లోకో, రక్తంలోకో, మెదడు పొరల్లోకో దిగితే ప్రాణం మీదికి వస్తుంది. దాని ఒంటిచుట్టూ చక్కెర గొలుసుల తొడుగు ఉంటుంది; ఆ తొడుగును బట్టే దాని రకాలు. రెండేళ్లలోపు బిడ్డల రోగనిరోధక కణాలు ఒట్టి చక్కెరను పెద్దగా పట్టించుకోవు. సహాయక టి కణాలకు ప్రొటీన్ ముక్క అందాలి. అప్పుడే అవి బి కణాలను పనిలోకి దింపి, జ్ఞాపకం నిలుపుతాయి.

అందుకే చక్కెరను ప్రొటీన్‌కు అతికించారు. ఆ దారిని 1931లో ఏవరీ, గోబెల్ కుందేళ్లలో చూపారు. ఈనాటి ప్రొటీన్ పేరు సీఆర్ఎం 197. కంఠసర్పి విషంలో ఒకే ఒక్క అమైనో ఆమ్లం మారడంతో విషగుణం పోయి ఆకారం మిగిలింది. బిద్రీ పనివాడు లోహం మీద గాడి చెక్కి వెండి తీగను ఇమిడ్చినట్టు, రసాయనికుడు చక్కెర గొలుసు మీద అతుక్కునే చోట్లు తయారుచేసి ప్రొటీన్‌తో బిగిస్తాడు. న్యూబెవాక్స్‌లోని పద్నాలుగు రకాలనూ విడివిడిగా పెంచి, శుద్ధిచేసి, విడివిడిగానే అతికించి, చివర్లో కలపాలి.

ఎంత సూక్ష్మమైన పనో 19ఎఫ్, 19ఎ రకాలు చెబుతాయి. రెంటిలోనూ చక్కెరలు అవే, వాటి మధ్య ఒక్క లంకె మాత్రం వేరు. తొలి ఏడు రకాల టీకాలో 19ఎఫ్ ఉన్నా అది 19ఎను ఆపలేకపోయింది. అమెరికాలో 19ఎ పెరిగింది. తర్వాతి టీకాల్లో దాన్ని విడిగా చేర్చాల్సి వచ్చింది. హైదరాబాద్ టీకాలో రెండూ ఉన్నాయి. 22ఎఫ్, 33ఎఫ్ కూడా ఉన్నాయి.

అసలు ఫలితం ముక్కులోనే తెలుస్తుంది. టీకాతో పుట్టిన యాంటీబాడీలు జిగురుపొరలో బ్యాక్టీరియాను గుత్తులుగా కట్టిపడేస్తాయి. కణాల మీది సన్నని నూగు ఆ గుత్తులను బయటికి తోసేస్తుంది. బిడ్డ ముక్కులో మకాం దొరకని సూక్ష్మజీవి ఇంట్లోని అవ్వాతాతలకూ అంటదు. మూడో నంబరు రకం తన తొడుగును విడుస్తూ యాంటీబాడీలను దారి మళ్లిస్తుంది కనుక దాని మీద టీకా బలం తక్కువ. టీకాలో లేని రకాలూ ఖాళీ అయిన చోటికి చేరతాయి. పని ఇంకా మిగిలే ఉంది.

అయినా పసిబిడ్డ కణాలకు అర్థమయ్యేలా చక్కెరను మలిచిన ఈ విద్య ఆధునిక వైద్యంలోని గొప్ప చేతిపనుల్లో ఒకటి. రక్షణ నిలవాలంటే తొమ్మిదో నెల బూస్టరూ పడాలి. తల్లిదండ్రులారా, ఆ మూడో సూదిని మరవకండి.