హిమపాతమా, మంచుచరియా?

2016 ఫిబ్రవరి 3వ తేదీన సియాచిన్ ప్రాంతమున సుమారు 19,600 అడుగుల ఎత్తునగల సైనికస్థావరముపై మంచు విరిగిపడి 10 మంది సైనికులు దాని క్రింద కూరుకొనిపోయిరి. వారిలో కర్నూలు జిల్లాకు చెందిన సైనికుడును కలడు. ఇట్టి దుర్ఘటనలను తెలుగు పత్రికలు తరచుగా 'హిమపాత'మని వ్రాయుచున్నవి. సిమ్లాలో మంచు కురిసినను వాడునది ఆ మాటయే. ఒకటి ఆకాశమునుండి మెల్లగా రాలునది. రెండవది కొండవాలునుండి జారి ప్రాణములు తీయునది. రెండింటికి ఒకే పేరుండుట శాస్త్రబోధకు తగదు.

అసలు చిక్కు 'మంచు' అను మాటలోనే ఉన్నది. వికారాబాదు విద్యార్థికి మంచు అనగా చలికాలపు ఉదయమున అనంతగిరి కొండలను కప్పు పొగమంచు, గడ్డిపరకపై నిలిచిన నీటిబొట్టు. ఇవి మనుష్యుని పాతిపెట్టునని అతడెట్లు ఊహింపగలడు?

కొందరు వాడుచున్న 'మంచుచరియ' అను మాట ఇంతకంటె మేలైనది. కొండలపై మంచు పొరలు పొరలుగా పేరుకొనును. అడుగున వెచ్చదనము, పైన తీవ్రమైన చలి ఉన్నప్పుడు నీటియావిరి పైకి ప్రాకి, కొన్ని పొరలను పట్టులేని చక్కెరపలుకులవలె మార్చును. అట్టి పొరపై గాలి తెచ్చిన మంచు గట్టి పలకగా ఏర్పడినచో, ఒక మనుష్యుని బరువునకే అడుగుపొర కూలవచ్చును. ఆ పగులు క్షణములలో ప్రాకి పలక యంతయు జారిపోవును. ఇది ఎక్కువగా 30 నుండి 45 డిగ్రీల వాలులో జరుగును.

తాండూరు ఉపాధ్యాయులకు దీనిని చూపుట సులభము. అచ్చటి నాపరాయియు పొరలుగా ఏర్పడినదే. పనివారు దానిని పొరల వెంబడి విడదీయుదురు. రెండు నాపరాతి పలకలను ఒకదానిపై నొకటి పెట్టి మెల్లగా వంచి, పైపలక జారు కోణమును కొలువవలెను. పిదప నడుమ గుప్పెడు కందులు చల్లి మరల వంచినచో, పలక చాల తక్కువ కోణముననే జారును. అయితే పోలికకు హద్దు కలదు: కందులు దొర్లును, మంచుపలుకులు విరిగి కూలును; రాతిపొరలు యుగములు నిలుచును, మంచుపొరలు గంటలలో మారును. పలక కట్టని పొడిమంచు ఒక బిందువునుండి రాలిపడుటయు కలదు. దానికి 'చరియ' అను మాట పూర్తిగా అతకదు.

సినిమాలు నేర్పిన మరియొక భ్రమ, కేక వేసినచో మంచు విరిగిపడునన్నది. ధ్వని కలిగించు ఒత్తిడి అందులకు చాలదు. పర్వతయాత్రికులు మరణించిన ప్రమాదములలో అధికభాగము, వారో వారి తోడివారో ఆ వాలుపై అడుగిడుటవలన కలిగినవే. అందుచేతనే అనేక దేశములలో ముప్పును 5 తరగతులుగా ముందే ప్రకటింతురు. 'నేడు హిమపాతము' అను హెచ్చరికను చదివిన తెలుగు యాత్రికుడు కంబళి కప్పుకొనవలెనా, ప్రయాణము మానవలెనా? కురియుదానికి హిమపాతమనియు, విరిగిపడుదానికి మంచుచరియయనియు తరగతిలోనే వేరుపరచి చెప్పినచో ఈ సందేహము తీరును.