అతుకు లేని చట్రం

చేతిలో పెట్టుకుంటే పెద్ద నాణెమంత ఉంటుంది. చుట్టూ తెల్లటి పాలిస్టర్ అల్లిక, లోపల నున్నగా మెరిసే లోహపు చట్రం, దాని మధ్య పాలరంగు ప్లాస్టిక్ బిళ్ల. అటూ ఇటూ వంచితే బిళ్ల దానంతటదే ఒరుగుతుంది, మూసుకుంటుంది. తిరువనంతపురంలోని శ్రీచిత్ర తిరునాళ్ సంస్థ తయారుచేసిన గుండె వాల్వు ఇది.

గుండె రోజుకు లక్షసార్లు కొట్టుకుంటుంది. ఏడాదికి మూడున్నర కోట్ల పైమాటే. అన్నిసార్లూ ఈ బిళ్ల తెరుచుకుని మూసుకోవాలి. అరగకూడదు, విరగకూడదు. అలాంటి వాల్వులు ఒకప్పుడు మనకు విదేశాల నుంచే వచ్చేవి. వాటిలో మంచివాటికి పైరోలిటిక్ కార్బన్ బిళ్ల ఉండేది. దాన్ని చేసే విద్య కొద్ది కంపెనీల గుప్పిట్లో ఉండేది. ధర కూడా వాళ్లు చెప్పిందే.

మన దగ్గర వాల్వు పాడయ్యేది ఎక్కువగా పేదింటి పిల్లలకి. గొంతునొప్పి వస్తుంది, తగ్గిపోతుంది. కొందరిలో కొన్ని వారాలకు కీళ్లు వాచి జ్వరం పట్టుకుంటుంది. ఆ రుమాటిక్ జ్వరం మళ్లీ మళ్లీ తిరగబెట్టి గుండె వాల్వును బిరుసెక్కిస్తుంది. మూడు నాలుగు వారాలకొక పెన్సిలిన్ సూది క్రమం తప్పకుండా వేయిస్తే చాలావరకు ఆపవచ్చు. సూది మందు చవకే. కానీ ప్రతిసారీ కూలి మానుకుని, బస్సెక్కి, పిల్లను ఆసుపత్రికి తీసుకెళ్లడం తల్లికి చవక కాదు. అలా తప్పిపోయిన సూదుల లెక్కంతా చివరికి ఆపరేషన్ బల్ల మీద తేలుతుంది.

శ్రీచిత్ర సంస్థ సర్జన్ ఎం.ఎస్. వలియత్తాన్ ఈ లెక్కను రోజూ కళ్లారా చూసినవాడు. ఇంజనీరు జి.ఎస్. భువనేశ్వర్ బృందంతో కలిసి, అక్కడి రాజకుటుంబం ఇచ్చిన సాటెల్‌మండ్ ప్యాలెస్‌లో పని మొదలుపెట్టాడు. తొలి నమూనాలు నిలవలేదు. ఒకదానిలో వెల్డింగ్ దగ్గర లోహం పెళుసై విరిగింది. మరొకదానిలో లోహం అరిగిపోయింది. ఇంకోదానిలో, గట్టిదనుకున్న కృత్రిమ నీలమణి బిళ్లే పగిలింది. ఏళ్ల శ్రమ పోయిన ప్రతిసారీ వాళ్లు మొదటికి వెళ్లి, ఎక్కడ విరిగిందో అక్కడి నుంచే ఆలోచించారు.

నిలబడిన నమూనాలో నాకు అన్నిటికంటే నచ్చేది చట్రం. కోబాల్ట్ మిశ్రలోహపు ముద్దను తొలిచి, బిళ్లను పట్టుకునే కొమ్ములతో సహా ఏకఖండంగా చెక్కారు. ఎక్కడా అతుకు లేదు. అతుకెంత ప్రమాదమో ఆ రోజుల్లోనే లోకం చూసింది. బ్యోర్క్-షైలీ వాల్వులో ఒక రకానికి వెల్డింగ్ చేసిన కొమ్ము రోగుల గుండెల్లోనే విరిగింది. వందల మంది చనిపోయారు. 1986లో దాన్ని మార్కెట్ నుంచి తీసేశారు. బిళ్లకేమో కార్బనూ కాదు, మణీ కాదు, గట్టి రకం పాలిథిలీన్ ఎంచుకున్నారు. ఇంత చవక సరుకును గుండెలో పెట్టాలంటే ధైర్యం కావాలి. ఆ ధైర్యం వాళ్లకు పరీక్షల నుంచి వచ్చింది. యంత్రాల మీద ఏళ్ల తరబడి కొట్టుకోవాల్సినదాన్ని నెలల్లోనే కొట్టించి, ఎంత అరిగిందో కొలిచి చూశారు. గొర్రెల్లో అమర్చి చూశారు. ఆ తర్వాతే, 1990 డిసెంబరులో, మనిషి గుండెకు.

1995 జనవరి నాటికి ఆరు ఆసుపత్రుల్లో 306 మందికి అమర్చి, వాళ్లెలా ఉన్నారో ఏళ్ల తరబడి చూశారు. టీటీకే కంపెనీ తయారీ చేపట్టాక ఇప్పటికి లక్షకు పైగా గుండెల్లో చేరింది. దిగుమతి వాల్వు కంటే బాగా తక్కువ ధరకు దొరికింది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ లాంటి పథకంలో ఒక్కో ఆపరేషన్‌కు ఇచ్చే మొత్తం ముందే ఖరారై ఉంటుంది. అలాంటి చోట వాల్వు మీద మిగిలే ప్రతి రూపాయికీ విలువ ఉంది.

వాల్వుతో ఖర్చు అయిపోదు, నిజమే. రక్తం గడ్డకట్టకుండా జీవితాంతం మాత్ర వేసుకోవాలి, తరచూ రక్తపరీక్ష చేయించుకోవాలి. ఊరి దగ్గర్లో ఆ పరీక్ష దొరకని మనిషికి ఎంత మంచి వాల్వైనా సగం రక్షణే.

ఆ ప్లాస్టిక్ బిళ్ల ఇంకొక మేలు కూడా చేసింది. లోహపు చట్రానికి కార్బన్ బిళ్ల తగిలితే టిక్కుమంటుంది. రాత్రి నిశ్శబ్దంలో రోగికే కాదు, పక్కన పడుకున్నవాళ్లకూ వినిపిస్తుంది. చిత్ర వాల్వు మెత్తగా మూసుకుంటుంది. ఒక్క గదిలో అందరూ కలిసి పడుకునే ఇంట్లో, ఆ పిల్ల పక్కన తల్లి నిద్రపోగలుగుతుంది.