దారి ఇచ్చే చేయి

రేస్ ట్రాక్ మీద సొంత కారు నడపాలంటే రేసర్ కానక్కర్లేదు. అమెరికాలో బీఎండబ్ల్యూ కార్ క్లబ్, పోర్షే క్లబ్, 1944లో పుట్టిన స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా, 1991లో మొదలైన నేషనల్ ఆటో స్పోర్ట్ అసోసియేషన్ వంటి సంస్థలు పేరున్న సర్క్యూట్లను అద్దెకు తీసుకుని మామూలు ఉద్యోగులకు, వ్యాపారులకు, విద్యార్థులకు తెరుస్తాయి. డాలస్, ఆస్టిన్, న్యూజెర్సీ, బే ఏరియాల్లో స్థిరపడిన తెలుగువాళ్లకూ ఇలాంటి ట్రాక్‌లు కారులో వెళ్లి రాగలిగే దూరంలోనే ఉన్నాయి. ట్రాక్ డే అని పిలిచే ఆ రోజున పందెం ఉండదు, కప్పులుండవు, ఎవరు ముందు వచ్చారన్న లెక్కా ఉండదు. పొద్దున్నే జరిగే డ్రైవర్ల మీటింగ్‌కు మాత్రం అందరూ రావాల్సిందే. అక్కడ గట్టిగా చెప్పే నియమాల్లో ఒకటి ముందున్న కారును దాటడం గురించినది. ముందున్న డ్రైవర్ చేయి బయటపెట్టి ఏ పక్క నుంచి వెళ్లాలో చూపించేదాకా వెనకాల ఉన్నవాడు ఎంత వేగంగా వచ్చినా దాటకూడదు. దీన్నే పాయింట్ బై అంటారు. చాలామంది దీన్ని కొత్తవాళ్లకు పెట్టిన ఆంక్షగా, చేయి తిరిగాక వదిలేయదగ్గ మర్యాదగా చూస్తారు. నేను ఒప్పుకోను. ట్రాక్ డేలో నేర్చుకునే విద్యలన్నిటిలోకీ ఇది పెద్దది. మిగతావి కారును అదుపులో పెట్టడం నేర్పితే, ఇది పక్కవాడి మనసులో ఏముందో తెలుసుకునే మార్గం చూపిస్తుంది.

చూడ్డానికి తేలికగా కనిపించే ఈ సైగ వెనక చాలా ఆలోచన ఉంది. అమెరికాలో డ్రైవర్ ఎడమ పక్కన కూర్చుంటాడు. ఎడమ నుంచి రమ్మనాలంటే ఎడమ చేతిని కిటికీలోంచి పూర్తిగా చాచి ఎడమకు చూపిస్తాడు. కుడి నుంచి రమ్మనాలంటే అదే చేతిని పైకెత్తి కారు కప్పు మీదుగా కుడికి చూపిస్తాడు. ముందు కిటికీలు దించి నడపమనడానికి ఇదొక కారణం. సైగ మొహమాటంగా ఉండకూడదు. వేళ్లు మాత్రం కదిపితే వెనకవాడికి అది పిలుపో, చేతికి గాలి తగిలించుకోవడమో తెలియదు. ఒక సైగ ఒక్క కారుకే. వెనకాల మూడు కార్లుంటే మూడుసార్లు చూపించాలి. మొదటి కారుకు ఇచ్చిన అనుమతిని పట్టుకుని రెండోది దూరిపోవడం పెద్ద తప్పు. సైగ చేసినవాడు సాధారణంగా తన గీత మీదే, అంటే తాను మామూలుగా నడిపే దారి మీదే ఉండిపోవాలి. దారి ఇస్తున్నాననుకుని పక్కకు జరిగితే, అప్పటికే ఆ పక్కకు కదిలిన కారు మీదికి వెళ్లినట్టవుతుంది. గీత వదిలి పక్క నుంచి వెళ్లాల్సింది దాటేవాడు. ఆ పక్కన టైర్ల నుంచి రాలిన రబ్బరు ముక్కలు, దుమ్ము ఉంటాయి, పట్టు తక్కువ. అందుకని ముందున్న మలుపుకు బ్రేకులు వేసే చోటు రాకముందే దాటడం పూర్తి కావాలి. కాదనిపిస్తే వెనక్కి తగ్గాల్సిందీ అతనే. అనుమతి దొరికింది కదా అని చివరిదాకా లాగే హక్కు ఎవరికీ లేదు.

కొత్తవాళ్లకు అన్నిటికన్నా కష్టమనిపించేది సైగ చేశాక యాక్సిలరేటర్ మీంచి కాలు కొద్దిగా తీయడం. చిన్న ఇంజిన్ ఉన్న మియాటా కారు మలుపుల్లో పెద్ద ఇంజిన్ బీఎండబ్ల్యూను సులువుగా అందుకుంటుంది. తిన్నగా సాగే స్ట్రెయిట్ రాగానే పెద్ద కారు మళ్లీ దూసుకుపోతుంది. దాటడానికి అనుమతి ఉన్న చోటేమో స్ట్రెయిటే. పెద్ద కారు డ్రైవర్ చేయి చూపించి, కాలు మాత్రం తీయకపోతే ఆ సైగకు అర్థం లేదు. లెక్క వేసి చూద్దాం. ముందు కారు గంటకు 160 కిలోమీటర్ల మీద ఉందంటే సెకనుకు 44 మీటర్లకు పైగా పోతోంది. వెనక కారు దాన్ని క్షేమంగా దాటి మళ్లీ గీతలోకి రావాలంటే దానికన్నా 25 మీటర్లు ఎక్కువ ప్రయాణించాలనుకుందాం. ఇద్దరి మధ్య తేడా గంటకు 20 కిలోమీటర్లు ఉంటే ఆ పని నాలుగున్నర సెకన్లలో, ముందు కారు 200 మీటర్లు వెళ్లేలోగా అయిపోతుంది. తేడా 5 కిలోమీటర్లే అయితే 18 సెకన్లు పడుతుంది, ముందు కారు 800 మీటర్లు వెళ్లిపోతుంది. చాలా ట్రాక్‌ల మీద అంత ఖాళీ స్ట్రెయిట్ ఉండదు, ఉన్నా దాని చివర మలుపు ఎదురుచూస్తూ ఉంటుంది. ముందున్నవాడు క్షణం పాటు కాలు తీస్తే రెండో లెక్క మొదటి లెక్కలా మారిపోతుంది. అతను బ్రేకు మాత్రం తొక్కకూడదు, తొక్కితే వెనకవాడి అంచనా తలకిందులవుతుంది. అయితే ఇదంతా కాలి పనితోనే అయ్యేది కాదు. తన కారుకు బలమెక్కువున్నా ఈ ల్యాప్‌లో వెనకవాడే తనకన్నా బాగా నడుపుతున్నాడని మనసులో ఒప్పుకోగలగాలి. దారి ఇవ్వనివాడి వెనక నాలుగైదు కార్లు వరుస కడతాయి. వాళ్లలో అసహనం పెరిగి, ఎవరో ఒకరు తొందరపడతారు.

ఈ నియమానికి వచ్చే అభ్యంతరాల్లో కొన్నిటికి బలం ఉంది. అంత వేగంలో స్టీరింగ్ మీంచి చేయి తీయమనడం ప్రమాదం కాదా అంటారు. మలుపులో అయితే ప్రమాదమే. అందుకే డ్రైవర్లను అనుభవాన్ని బట్టి విడదీసే గ్రూపుల్లో మొదటివాటికి దాటడానికి అనుమతి కొన్ని స్ట్రెయిట్లలో మాత్రమే ఇస్తారు. అక్కడ కారు నిలకడగా ఉంటుంది, ఒక చేయి చాలు. మాటిమాటికీ అద్దం చూస్తే ముందు దారి మీద దృష్టి తగ్గుతుందన్నది రెండో అభ్యంతరం. ఇందుకు తోడుగా జెండాలున్నాయి. ట్రాక్ చుట్టూ నిలబడే మార్షల్స్ డ్రైవర్‌కు కనపడనివి చూసి చెబుతారు. నీలం జెండా మీద ఏటవాలు పసుపు చార కనిపిస్తే వెనక వేగమైన కారు ఉంది, దారి ఇవ్వమని. పసుపు జెండా పడితే ముందు ఏదో జరిగింది, దాటడం ఆపేయాలి. ఎర్ర జెండాకు అదుపుగా పక్కకు తీసి ఆగాలి, నల్ల జెండాకు ట్రాక్ పక్కన కార్లు ఆగే పిట్‌లోకి రావాలి. కొత్తవాళ్ల పక్కసీట్లో ఇన్‌స్ట్రక్టర్ ఉంటాడు, అద్దంలో కారు కనిపించగానే గుర్తుచేస్తాడు. కొన్నాళ్లకు ఆ గుర్తు అవసరం లేకుండా పోతుంది. అలా పోవడమే చదువు.

మూడోది అనుభవజ్ఞుల నుంచి వచ్చే అభ్యంతరం, గట్టిది. కొన్ని సంస్థలు పై గ్రూపుల్లో సైగ లేకుండా, ఎక్కడైనా దాటే స్వేచ్ఛ ఇస్తున్నాయి. జర్మనీలో 20.8 కిలోమీటర్ల నూర్‌బుర్గ్‌రింగ్ నార్డ్‌ష్లైఫె 1927 నుంచి మామూలు జనానికి తెరిచే ఉంది, అక్కడా చేతి సైగ తప్పనిసరి కాదు. మరి మిగతావాళ్లకెందుకు? నార్డ్‌ష్లైఫెలో పాయింట్ బై బదులు అంతే కఠినమైన ఇంకో ఒప్పందం ఉంది. అక్కడ జర్మనీ రోడ్డు చట్టమే వర్తిస్తుంది. ఎడమ నుంచే దాటాలి, నెమ్మదిగా వెళ్లేవాడు కుడికి ఉండాలి. ఏ పక్క అన్న ప్రశ్నకు జవాబు ముందే రాసిపెట్టి ఉంది. అయినా అక్కడ ప్రమాదాల వల్ల ట్రాక్ మూసేయడం తరచూ జరిగే సంగతే. అమెరికాలో పై గ్రూపులవాళ్లు కింది గ్రూపుల్లో వందలసార్లు దారి ఇచ్చి, తీసుకుని, ఎదుటి డ్రైవర్ కదలికను చదవడం వచ్చాకే అక్కడికి చేరతారు. ఇక అసలైన రేసుల సంగతంటారా, అక్కడ కారులో ఇనుప పంజరం, మంటలార్పే ఏర్పాటు, ఒంటి మీద మంటకు తట్టుకునే దుస్తులు ఉంటాయి. ట్రాక్ డే కారులో చాలాసార్లు కంపెనీ ఇచ్చిన సీటుబెల్టు, మంట పరీక్షకు నిలిచిన ఎస్‌ఏ ముద్ర హెల్మెట్, అంతే. సోమవారం అదే కారులో ఆఫీసుకు వెళ్లాలి. ట్రాక్ మీద జరిగిన నష్టానికి మామూలు బీమా చాలాసార్లు డబ్బివ్వదు. రేసులో రెండు కార్లు రాసుకుపోవడం ఆటలో భాగం కావచ్చు. ఇక్కడ దాన్ని భరించే ఏర్పాటే లేదు.

పరికరాలు, పరీక్షలు సరిపోతాయనేవాళ్లకు 2005 జూన్‌లో కాలిఫోర్నియాలోని ఫాంటానా ట్రాక్ మీద జరిగినది గుర్తుచేయాలి. ట్రాక్ డేలో ఒక పోర్షే కరేరా జీటీ స్ట్రెయిట్ మీద పూర్తి వేగంతో వస్తుండగా, పిట్ లేన్‌లోంచి ఒక ఫెరారీ నెమ్మదిగా ట్రాక్ మీదికి వచ్చింది. దాన్ని తప్పించబోయి పోర్షే అదుపు తప్పి కాంక్రీటు గోడను ఢీకొంది. డ్రైవర్, పక్కన కూర్చున్న మిత్రుడు ఇద్దరూ చనిపోయారు. రెండూ ప్రపంచంలో మేటి కార్లే. ఒకరు వస్తున్న సంగతి, ఒకరు చేరుతున్న సంగతి రెండోవారికి సమయానికి చేరకపోవడం అక్కడ ప్రాణం తీసింది. పిట్‌లోంచి వచ్చేవాళ్లు గీసిన గీత దాటకుండా అంచునే సాగాలని, అక్కడ నిలబడ్డ మార్షల్ చేయి ఊపాకే కదలాలని డ్రైవర్ల మీటింగుల్లో అంత గట్టిగా చెప్పడం ఇందుకే. పిట్‌లోకి తిరిగి వెళ్లేవాడు పిడికిలి పైకెత్తి చూపడమూ, కారు గిర్రున తిరిగితే బ్రేకు గట్టిగా తొక్కిపట్టి ఉంచమనడమూ ఇదే కోవలోవి. బ్రేకు పట్టి ఉంచిన కారు ఎటు జారుతుందో వెనకవాడు అంచనా వేయగలడు, వదిలేస్తే అది ఎటైనా తిరగొచ్చు.

చేతితో దారి ఇచ్చే ఈ పద్ధతి మన దేశంలో పూర్తిగా కొత్తదేం కాదు. హైవే మీద లోడు లారీ డ్రైవర్ ఎదురుగా దారి ఖాళీ అయ్యేదాకా చూసి, కుడి చేయి బయటపెట్టి ఊపి వెనక కారును రమ్మంటాడు. 1989 నాటి రోడ్డు నియమాల్లోనూ ఆ సైగ ఉండేది. పెద్ద తేడా ఏమిటంటే మన రోడ్డు మీద వెనకవాడు హారన్ కొట్టి, లైట్లు వేసి దారి అడుగుతాడు, కొన్నిసార్లు లాక్కుంటాడు. ట్రాక్ మీద ఒత్తిడి చేసే హక్కు అతనికి లేదు. ముందున్నవాడికి గమనించే బాధ్యత ఉంది, అంతే. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలోనూ, కోయంబత్తూరు కరి మోటార్ స్పీడ్‌వేలోనూ, 2011లో ఫార్ములా వన్ జరిగిన నోయిడా దగ్గరి బుద్ధ్ సర్క్యూట్‌లోనూ ఔత్సాహికులు సొంత వాహనాలతో దిగుతున్నారు. 2023లో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా-ఈ రేసు చూసిన కుర్రాళ్లలో కొందరైనా అటు వెళ్లాలనుకుంటారు. వెళ్లండి, రింగు రోడ్డు మీద వేగం చూసుకోవడం కన్నా అది వెయ్యి రెట్లు మేలు. అయితే డబ్బు కట్టే ముందు నిర్వాహకులను ఒక్క ప్రశ్న అడగండి: ఇక్కడ దాటడానికి నియమం ఏమిటి, దాన్ని తప్పినవాణ్ని ఆ రోజుకు ట్రాక్ మీంచి పంపేస్తారా? తేల్చి చెప్పలేకపోతే ఆ ట్రాక్ మీదికి మీ కారు దించకండి.